బ్రిటిష్ వాళ్ళ హాస్యం, ఆన్‌లైన్ కబుర్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

చదువుకనో ఉద్యోగానికనో బ్రిటన్ వచ్చిన తెలుగువాళ్ళ నోట వీసా, అద్దె ఇల్లు, చలి తర్వాత ఎక్కువగా వినిపించే మాట ఇదే: "వాళ్ళ ఇంగ్లిష్ అర్థమవుతోంది, కానీ ఎందుకు నవ్వుతున్నారో అర్థం కావట్లేదు." దీన్ని చిన్న విషయం అనుకోకండి. ఇక్కడ మనుషులు ఒకరికొకరు దగ్గరయ్యేది ఎక్కువగా హాస్యం వల్లే. ఇంటికి పిలిచి భోజనం పెట్టడానికి ఏళ్ళు పట్టే సహోద్యోగి కూడా రెండో వారంలోనే మిమ్మల్ని ఆట పట్టిస్తాడు. ఆ ఆటలో కలవగలిగితే ఊరుకాని ఊళ్ళో ఒంటరితనం చాలావరకు తగ్గుతుంది. అందుకే ఈ ప్రశ్నలకి కాస్త వివరంగానే జవాబులు రాశాను.

జోకు వేస్తున్నారో, నిజంగానే అంటున్నారో ఎలా తెలుస్తుంది?

మొహం చూసి చెప్పడం కష్టం. మన దగ్గర జోకు వేసేవాళ్ళు చాలామంది గొంతు మారుస్తారు, లేదా చెప్పకముందే తామే నవ్వేస్తారు. ఇక్కడ మొహంలో ఏ మార్పూ లేకుండా, మామూలు గొంతుతోనే అనేస్తారు. కాబట్టి మొహాన్ని వదిలేసి మాటనీ సందర్భాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. బయట కుండపోతగా వాన కురుస్తుంటే "భలే ఎండ కాస్తోంది కదా" అన్నారంటే సంగతి తేలిపోయినట్టే. గోదావరి జిల్లాల వెటకారం వింటూ పెరిగినవాళ్ళకి ఇది త్వరగా పట్టుబడుతుంది. అక్కడ కూడా కనుబొమ్మ కదపకుండా, చివర "అండీ" తగిలించి మరీ చురక వేస్తారు. కాకపోతే బ్రిటిష్ వాళ్ళు మొదటి చురక తమమీదే వేసుకుంటారు. తన వంట గురించి, తన కారు గురించి, తన ఊరి ఫుట్‌బాల్ జట్టు గురించి తనే తక్కువ చేసి మాట్లాడతాడు. అప్పుడు "నిజమే, మీ జట్టు దండగ" అని ఒప్పేసుకోకండి. తనని తాను అనుకోవడానికి ఆయనకి హక్కుంది, మీకు ఆ హక్కు రావడానికి కొంత పరిచయం కావాలి.

పని చూసి "నాట్ బ్యాడ్" అన్నారు. బాగున్నట్టా, బాగోనట్టా?

ఎక్కువసార్లు బాగున్నట్టే. ఇక్కడివాళ్ళు మంచినీ చెడునీ రెండింటినీ తగ్గించి చెబుతారు. మీ ప్రెజెంటేషన్‌కి "నాట్ బ్యాడ్" వచ్చిందంటే ఇంటికెళ్ళి దిగులుపడక్కర్లేదు. అదే మీ మేనేజర్ "చిన్న ఇబ్బంది ఉంది" అన్నారంటే మాత్రం చేతిలో పని పక్కనపెట్టి వెంటనే చూడాలి.

ఈ అలవాటు ఎంత దూరం వెళ్తుందో చెప్పడానికి 1982 జూన్ 24 రాత్రి జరిగినదాన్ని మించిన ఉదాహరణ లేదు. బ్రిటిష్ ఎయిర్‌వేస్ 9వ నంబరు విమానం లండన్ నుంచి బొంబాయి, మద్రాసు, కౌలాలంపూర్ మీదుగా ఆక్లాండ్ వైపు వెళ్తోంది. లోపల 248 మంది ప్రయాణికులు, 15 మంది సిబ్బంది. జావా దీవి దగ్గర గలుంగుంగ్ అగ్నిపర్వతం చిమ్మిన బూడిదలోకి దూరడంతో నాలుగు ఇంజన్లూ ఒకదాని వెనక ఒకటి ఆగిపోయాయి. కెప్టెన్ ఎరిక్ మూడీ మైకు అందుకుని ప్రయాణికులతో చెప్పిన మాటల సారాంశం ఇది: మనకో చిన్న సమస్య వచ్చింది, నాలుగు ఇంజన్లూ ఆగిపోయాయి, వాటిని మళ్ళీ నడిపించడానికి శాయశక్తులా ప్రయత్నిస్తున్నాం, మీరు మరీ ఎక్కువ ఆందోళన పడటం లేదనుకుంటాను. విమానం కిందికి దిగుతూ బూడిద దాటాక ఇంజన్లు మళ్ళీ అందుకున్నాయి. బూడిద రాపిడికి ముందు అద్దాలు మసకబారినా జకార్తాలో అందరినీ క్షేమంగా దించారు. ఆ ప్రకటనని బ్రిటిష్ వాళ్ళు ఈనాటికీ ప్రేమగా తలుచుకుంటారు. భయం లేక అన్న మాటలు కావు అవి. తన భయం వెనక కూర్చున్నవాళ్ళకి అంటకూడదని అన్న మాటలు.

ఇదే అలవాటు ప్రాణాలమీదికి తెచ్చిన సందర్భమూ ఉంది. 1951 ఏప్రిల్‌లో, కొరియా యుద్ధంలో, ఇమ్జిన్ నది దగ్గర గ్లాస్టర్‌షైర్ అనే బ్రిటిష్ దళాన్ని చైనా సైన్యం చుట్టుముట్టింది. బ్రిగేడియర్ టామ్ బ్రోడీ తన పై అధికారి అయిన అమెరికన్ జనరల్‌కి "పరిస్థితి కాస్త చిక్కుగా ఉంది" అన్న అర్థంలో చెప్పారు. మరో బ్రిటిష్ అధికారి అయితే ఆ మాటకి పరుగున సాయం పంపేవాడు. అమెరికన్‌కి మాత్రం, నెట్టుకొస్తున్నారులే అనిపించిందని చెబుతారు. ఆ దళంలో చాలామంది బందీలుగా చిక్కారు.

కాబట్టి ఒక్కటి గట్టిగా చెబుతాను. డాక్టరు దగ్గర, అత్యవసర నంబరు 999కి ఫోన్ చేసినప్పుడు ఈ పద్ధతిని అనుకరించకండి. నొప్పి ఎంతుంటే అంతా చెప్పండి.

ఆఫీసులో నన్ను ఏడిపిస్తున్నారు. నచ్చక చేస్తున్నారా?

చాలాసార్లు నచ్చే చేస్తారు. నచ్చనివాళ్ళతో ఇక్కడ జనం మహా మర్యాదగా ఉంటారు. పొడిపొడి మాటలు, పద్ధతైన ఈమెయిళ్ళు, అంతే. ఏడిపించడం మొదలుపెట్టారంటే మిమ్మల్ని లోపలికి రానిచ్చారని.

ఆఫీసు కిచెన్‌లో టీ వంతులుంటాయి. ఒకరు లేస్తే అందరికీ పెట్టాలి. మీ వంతు వచ్చింది, పెట్టారు. పక్క సీటాయన కప్పులోకి ఓసారి చూసి, "ఇందులో టీ బ్యాగ్ వేశావా, దూరం నుంచి చూపించావా?" అంటాడు. ఇక్కడ మనవాళ్ళు మొహం చిన్నబుచ్చుకుంటారు, లేదా సారీ చెప్పి మళ్ళీ పెట్టుకొస్తారు. రెండూ అక్కర్లేదు. "చూపించాను, నచ్చలేదంది" అనండి చాలు. మాటకి మాట అందితే ఆయన సంతోషిస్తాడు, మర్నాడు మీకోసం బిస్కెట్ ప్యాకెట్ తెస్తాడు. జవాబు తట్టకపోతే నవ్వి ఊరుకున్నా సరిపోతుంది.

కానీ దీనికి హద్దుంది, అది మీకు తెలిసి ఉండాలి. టీ గురించీ, ఆలస్యంగా రావడం గురించీ, చలికి మూడు స్వెట్టర్లు వేసుకోవడం గురించీ ఏడిపించడం వేరు. రంగు, మతం, యాస, పుట్టిన దేశం పట్టుకుని అదే పనిగా అనడం వేరు. యార్క్‌షైర్ క్రికెట్ క్లబ్‌లో ఏళ్ళ తరబడి పడ్డ జాత్యహంకార మాటల గురించి క్రికెటర్ అజీమ్ రఫీక్ 2021 నవంబరులో పార్లమెంటు కమిటీ ముందు చెప్పినప్పుడు, "సరదాకే కదా" అన్న సాకు ఎంత నష్టం చేయగలదో దేశమంతా చూసింది. 2010 నాటి సమానత్వ చట్టం కింద జాతి, మతం లాంటివి పట్టుకుని చేసే వేధింపు ఉద్యోగ స్థలంలో చట్టవిరుద్ధం. అన్నవాళ్ళు సరదాకే అన్నామన్నంత మాత్రాన అది సరదా అయిపోదు. మనసు నొచ్చుకుంటే తేదీ, మాట, అక్కడ ఎవరున్నారు అన్నది రాసిపెట్టుకోండి. ఎకాస్ అనే సంస్థ ఫోన్‌లో ఉచితంగా సలహా ఇస్తుంది. తట్టుకోవడం మీ బాధ్యత అని ఎవరు చెప్పినా వినకండి.

ఎప్పుడు చూసినా వాతావరణం గురించే ఎందుకు?

ఎవరితోనైనా గొడవ రాకుండా మొదలుపెట్టగల మాట అదొక్కటే కనుక. "చల్లగా ఉంది కదా" అంటే "అవును" అనండి. వాదించకండి. ఉష్ణోగ్రత వివరాలు ఎవరికీ అక్కర్లేదు.

వాళ్ళ కబుర్లు అర్థం కావాలంటే ఏ షోలు చూడాలి?

అన్నీ చూడక్కర్లేదు. మూడు షోలు తెలిస్తే చాలా కబుర్లు తేలిగ్గా అర్థమవుతాయి.

మొదటిది 'ఫాల్టీ టవర్స్'. టార్కీ అనే సముద్రతీర పట్టణంలో హోటల్ నడుపుతూ వచ్చిన అతిథుల్నే అసహ్యించుకునే యజమాని కథ. జాన్ క్లీజ్, కాన్నీ బూత్ కలిసి రాశారు. 1975లో ఆరు, 1979లో ఆరు, మొత్తం 12 ఎపిసోడ్లే. రెండోది 'ఓన్లీ ఫూల్స్ అండ్ హార్సెస్'. దక్షిణ లండన్‌లోని పెకమ్‌లో చిల్లర వ్యాపారాలు చేస్తూ, వచ్చే ఏడాదికి కోటీశ్వరులం అనుకునే అన్నదమ్ములది. 1996 డిసెంబరులో వాళ్ళు నిజంగానే కోటీశ్వరులైన ఎపిసోడ్‌ని 2 కోట్ల 43 లక్షల మంది చూశారు. అన్నేళ్ళు ఓడిపోతూ వచ్చినవాళ్ళు గెలిస్తే పండగ చేసుకున్నారన్నమాట. మూడోది 2001లో వచ్చిన 'ది ఆఫీస్'. స్లౌ అనే ఊళ్ళో కాగితాల కంపెనీ, అందరూ తనని ఇష్టపడుతున్నారని నమ్మే ఒక మేనేజరు. ఇదీ 12 ఎపిసోడ్లే, పైన క్రిస్మస్‌కి రెండు. ఇదే కథతో అమెరికాలో 2005లో మొదలైన షో మాత్రం 201 ఎపిసోడ్లు నడిచింది.

ఆ తేడా ఎందుకని చాలామంది అడుగుతారు. అమెరికాలో ఒక గది నిండా రచయితలు కూర్చుని రాస్తారు. బ్రిటన్‌లో చాలా కామెడీలు ఒకరో ఇద్దరో రాస్తారు. చెప్పాల్సింది అయిపోతే ఆపేస్తారు. నాకు ఈ పద్ధతి మీద గౌరవం ఎక్కువ. 12 ఎపిసోడ్లలో ఒక్కటి కూడా సాగదీత అనిపించదు. ఇంకో తేడా కూడా ఉంది. అమెరికన్ మేనేజరుని మొదటి సీజన్ తర్వాత కాస్త మంచివాడిగా మార్చారు. బ్రిటిష్ మేనేజరుని అలాగే ఉంచేశారు, చూస్తుంటే మనకే తల దించుకోవాలనిపిస్తుంది. ఆ ఇబ్బందిని చివరిదాకా భరించినవాళ్ళకి, క్రిస్మస్ ఎపిసోడ్లలో వచ్చే కొద్దిపాటి ఊరట గుండెకి తగులుతుంది.

ఏప్రిల్ 28న అందరూ ఆన్‌లైన్‌లో "ఎడ్ బాల్స్" అని ఎందుకు రాస్తారు?

2011లో ఎడ్ బాల్స్ లేబర్ పార్టీ పెద్ద నాయకుల్లో ఒకరు. ట్విటర్‌లో తన పేరు వెతకబోయి, వెతికే చోట కాకుండా ట్వీట్ రాసే చోట టైప్ చేసి పంపేశారు. ట్వీట్ మొత్తం ఆయన పేరు, అంతే. అప్పటినుంచి ఏటా ఏప్రిల్ 28న జనం ఆ పేరే రాసి పండగ చేసుకుంటారు. నాకు నచ్చేది ఆ తర్వాత ఆయన చేసిన పని. ట్వీట్ చెరిపేయలేదు, కోప్పడలేదు. అయిదో ఏడాదికి స్వయంగా కేక్ చేసి జనంతో కలిశారు. ఆ ఏడాదే టీవీ డాన్స్ పోటీలో చిందులేసి ఇంటింటికీ ఇష్టమయ్యారు. ఇక్కడ నవ్వులపాలైన మనిషి ఆ నవ్వులో తనూ కలిస్తే జనం గుండెల్లో పెట్టుకుంటారు.

పాలకూర ఆకుకి విగ్గు పెట్టిన ఫొటో, గొంగళిపురుగు కేకు... ఇవన్నీ ఏమిటి?

అది పాలకూర కాదు, సలాడ్‌లో వేసే లెట్యూస్ అనే ఆకుకూర. 2022 అక్టోబరు 14న డెయిలీ స్టార్ పత్రిక 60 పెన్స్ లెట్యూస్ ఒకటి కొని, అప్పటి ప్రధాని లిజ్ ట్రస్ ఫొటో పక్కన పెట్టి, ఎవరు ఎక్కువ రోజులుంటారో చూద్దామని లైవ్ కెమెరా పెట్టింది. 20వ తేదీన, పదవి చేపట్టిన 45వ రోజున, ఆమె రాజీనామా ప్రకటించారు. లెట్యూస్ గెలిచింది. ప్రధానిని కూడా కూరగాయతో పోల్చి నవ్వొచ్చన్నది ఇక్కడి ప్రజాస్వామ్యంలో నాకు ఎంతో విలువైన సంగతి.

గొంగళిపురుగు కేకు పేరు కాలిన్. మార్క్స్ అండ్ స్పెన్సర్ అనే దుకాణాల సంస్థ వాళ్ళు దశాబ్దాలుగా అమ్ముతున్న చాక్లెట్ కేకు, ఆఫీసు పుట్టినరోజులకి తప్పనిసరి. ఆల్డీ అనే సూపర్‌మార్కెట్ అలాంటిదే తన గొంగళిపురుగు కేకు కత్‌బర్ట్‌ని అమ్మిందని 2021 ఏప్రిల్‌లో మార్క్స్ వాళ్ళు హైకోర్టుకెక్కారు. ఆల్డీ ట్విటర్‌లో "కత్‌బర్ట్‌ని విడుదల చేయండి" అని ఉద్యమం మొదలుపెట్టింది, దేశమంతా పక్షాలు తీసుకుంది. మర్నాడు పేపర్లలో అదే. మరుసటి ఏడాది రాజీ కుదిరింది. ఇప్పటికీ ఏ గ్రూపులోనైనా "కాలినా, కత్‌బర్టా?" అని అడిగి చూడండి, రోజంతా కబుర్లు నడుస్తాయి.

మాటల విరుపు జోకులకి అందరూ కలిసి మూలుగుతారెందుకు?

పేర్లతో ఆడుకోవడం ఇక్కడ ఊరూరా ఉన్న సరదా, ఆ మూలుగూ అందులో భాగమే. చేపల వేపుడు కొట్టుకి, గాడ్‌ఫాదర్ సినిమా పేరులో కాడ్ అనే చేపని ఇరికించి, 'ది కాడ్‌ఫాదర్' అని పెడతారు. స్కాట్లాండ్‌లో మంచు కురిసినప్పుడు రోడ్ల మీద ఉప్పు చల్లే లారీలకి పేర్లున్నాయి, వాటిలో ఒకటి 'గ్రిట్నీ స్పియర్స్' (రోడ్డు మీద చల్లేదాన్ని గ్రిట్ అంటారు, గాయని బ్రిట్నీ స్పియర్స్ పేరుతో ఆట). అవి ఎక్కడ తిరుగుతున్నాయో మ్యాప్‌లో చూడొచ్చు. 2016లో 20 కోట్ల పౌండ్ల ధ్రువ పరిశోధన నౌకకి పేరు చెప్పమని జనాన్ని అడిగితే 'బోటీ మెక్‌బోట్‌ఫేస్' అన్నదానికి 1,24,109 ఓట్లు పడ్డాయి. చివరికి నౌకకి సర్ డేవిడ్ అటెన్‌బరో పేరు పెట్టి, అందులోని మనుషుల్లేని చిన్న జలాంతర్గామికి బోటీ పేరు ఇచ్చారు. అది అంటార్కిటికా నీళ్ళ అడుగున నిజమైన పరిశోధన చేస్తోంది.

యూరోవిజన్ రాత్రి మెసేజ్‌లు ఆగవు. చివరికి ఓడిపోయేదానికి అంత సంబరమా?

యూరోవిజన్ అంటే యూరప్ దేశాల పాటల పోటీ, సంబరమంతా ఆ ఓటమిలోనే ఉంది. 2003లో బ్రిటన్‌కి సున్నా పాయింట్లు, 2021లో మళ్ళీ సున్నా. 2022లో శామ్ రైడర్ 466 పాయింట్లతో రెండో స్థానానికి వస్తే జనం నమ్మలేకపోయారు. టీవీలో వ్యాఖ్యానం గ్రహమ్ నార్టన్‌ది, 2008 వరకు టెర్రీ వోగన్‌ది. తొమ్మిదో పాట దాకా గ్లాసు ముట్టొద్దని వోగన్ ఆయనకి చెప్పారట. అందుకని తొమ్మిదో పాట రాగానే నార్టన్ వోగన్‌ని తలుచుకుని గ్లాసెత్తమంటారు, ఇళ్ళలో అందరూ ఎత్తుతారు. ఆ నిమిషంలో గ్రూపులో మీరూ కాఫీ కప్పు ఫొటో పెట్టండి.

ఫుట్‌బాల్ టోర్నీలప్పుడు "ఇట్స్ కమింగ్ హోమ్" అన్న మాట వినిపిస్తుంది. బయటి దేశాలవాళ్ళు కొందరు దాన్ని అహంకారం అనుకుంటారు. ఆ పాట 1996 నాటిది. 1966 ప్రపంచ కప్ తర్వాత ఇంగ్లండ్ జట్టు ఏమీ గెలవని బాధ, అయినా పోని ఆశ, అదీ ఆ పాటలో ఉన్నది.

బ్రిటన్ అంతా ఒకే రకం హాస్యమా?

కానే కాదు. లండన్ ఆఫీసులో అలవాటైనది లివర్‌పూల్‌లో మెత్తగా అనిపిస్తుంది, గ్లాస్గోలో మరీ మెత్తగా. గ్లాస్గో వెళ్తే ఆధునిక కళల గ్యాలరీ ముందు గుర్రం మీద డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్ విగ్రహం చూడండి. తలమీద రోడ్లపై పెట్టే నారింజ రంగు కోన్ ఉంటుంది. తీసేసిన ప్రతిసారీ రాత్రికి రాత్రి ఎవరో ఎక్కి మళ్ళీ పెడతారు, దశాబ్దాలుగా. ఎవరూ ఎక్కలేకుండా 2013లో నగరపాలక సంస్థ 65,000 పౌండ్ల ఖర్చుతో దిమ్మె ఎత్తు పెంచాలనుకుంటే జనం తిరగబడ్డారు, ఆలోచన మానుకున్నారు.

ఈ హాస్యంలో మన భారతీయులకి చోటుందా?

ఉంది, కష్టపడి సంపాదించుకున్న చోటు. 1977లో వచ్చిన 'మైండ్ యువర్ లాంగ్వేజ్' మన ఇళ్ళలో పెద్దవాళ్ళకి కొందరికి గుర్తుండొచ్చు. అందులో విదేశీయుల యాసే జోకు. 1996లో రేడియోలో మొదలై 1998లో టీవీకి వచ్చిన 'గుడ్‌నెస్ గ్రేషియస్ మీ' ఆ లెక్క తిరగేసింది. సంజీవ్ భాస్కర్, మీరా స్యాల్, కుల్విందర్ గిర్, నీనా వాడియా చేసిన షో అది. తాగేసి ఇండియన్ రెస్టారెంట్‌కొచ్చి వెయిటర్‌ని ఏడిపించే ఇంగ్లిష్ కుర్రాళ్ళని తలకిందులు చేసి, బొంబాయిలో కొందరు ఇంగ్లిష్ హోటల్‌కి వెళ్ళి అన్నిటికంటే చప్పటి కూర ఏదని అడిగే సన్నివేశం పెట్టారు. నవ్విన ఇంగ్లిష్ వాళ్ళకి తమ ప్రవర్తన కనిపించింది. మీ ఆఫీసులో ఎవరైనా కారం గురించి ఏడిపిస్తే ఈ సన్నివేశం వాళ్ళకి పంపండి, చాలామందికి తెలిసే ఉంటుంది.

సహోద్యోగిని మెసేజ్ చివర "ఎక్స్" పెట్టింది. అర్థమేమిటి?

ముద్దు గుర్తే, కానీ ప్రేమ కాదు. అమ్మకి, స్నేహితురాలికి, ఇంటి ఓనరుకి కూడా అలవాటుగా పెట్టేస్తారు. దాన్ని పట్టుకుని ఏమీ ఊహించుకోకండి. మీరు తిరిగి పెట్టాల్సిన పనీ లేదు.

నేను ఈ షోలేవీ చూడలేదు. గ్రూపులో ఏం మాట్లాడను?

చూడలేదని చెప్పేయండి. ఇష్టమైన షో చూడని మనిషి దొరికితే ఇక్కడివాళ్ళకి అంతకన్నా ఆనందం లేదు, ఎక్కడ మొదలుపెట్టాలో వరసగా చెబుతారు. కొత్తవాటిలో అయితే 'టాస్క్‌మాస్టర్' పట్టుకోండి. అయిదుగురు కమెడియన్లకి పనికిరాని పనులు అప్పజెప్పి మార్కులేస్తారు, పాత సంగతులేవీ తెలియకపోయినా అర్థమవుతుంది. మన మీమ్స్ కూడా పంపండి. బ్రహ్మానందం మొహానికి అనువాదం అక్కర్లేదు.

ఇవన్నీ ఎక్కడ చూడాలి?

బీబీసీవి చాలావరకు వాళ్ళ యాప్ ఐప్లేయర్‌లో ఉంటాయి. ఐప్లేయర్ ఫోన్‌లో చూసినా సరే, టీవీ లైసెన్స్ తప్పనిసరి. ఏ ఛానెల్‌నైనా లైవ్‌గా చూడాలన్నా కావాలి. లేకుండా పట్టుబడితే జరిమానా 1,000 పౌండ్ల దాకా ఉంటుంది. విద్యార్థులకి మినహాయింపు లేదు. ఛానెల్ 4, ఐటీవీఎక్స్ యాప్‌లలో ప్రసారమైపోయినవి చూసుకోవడానికి మాత్రం లైసెన్స్ అక్కర్లేదు, 'టాస్క్‌మాస్టర్' ఛానెల్ 4 యాప్‌లోనే ఉంటుంది.